గంటసేపు ఆగే పైలట్‌కు ఏ గుర్తింపు కార్డు?

ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమటగా తొమ్మిది వందల కిలోమీటర్లు దాటి వెళ్తే బ్రోకెన్ హిల్ అనే గనుల ఊరు వస్తుంది. చుట్టూ ఎర్రమట్టి మైదానం. ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసుకు అక్కడ స్థావరం ఉంది. ఖండాన్ని అడ్డంగా దాటే చిన్న విమానాలు ఇంధనం పోయించుకోవడానికి ఇలాంటి ఊళ్లలోనే దిగుతాయి. సొంత సెస్నా విమానంలో వచ్చిన పైలట్ ఇంజిన్ ఆపి, తలుపు తీసి, కాలు కింద పెట్టేసరికే అతని ఒంటిమీద ఎర్రటి గుర్తింపు కార్డు ఉండాలి. నడుముకు పైన, ముందువైపో పక్కవైపో, కార్డు ముఖభాగం మొత్తం కనిపించేలా పెట్టుకోవాలి. లేకపోతే జరిమానా. ఆ కార్డు చేతికి రావాలంటే నేరచరిత్ర విచారణ, దేశ గూఢచార సంస్థ పరిశీలన ముందే పూర్తయి ఉండాలి. ఇలాంటి విమానాశ్రయాల్లోనే 34 సీట్ల సాబ్ 340 విమానం ఎక్కడానికి ప్రయాణికులు టార్మాక్ మీద నడిచి వెళ్తుంటారు. ఆస్ట్రేలియా చిన్న ఊళ్లలో చాలాచోట్ల ఆ ప్రయాణికులకు మెటల్ డిటెక్టర్ తనిఖీ కూడా ఉండదు. విమానం చిన్నది కాబట్టి చట్టం దాన్ని అడగదు.

విమానాశ్రయ భద్రత అనగానే మనకు టెర్మినల్, బెల్టు విప్పించే క్యూ, బోర్డింగ్ పాసు గుర్తుకొస్తాయి. కంచెకు అవతలి నుంచి, ఆకాశం వైపు నుంచి లోపలికి వచ్చే మనిషి గురించి మామూలుగా ఎవరూ ఆలోచించరు. ప్రైవేటు పైలట్ అలా వచ్చేవాడే. ఎయిర్‌లైన్ ఉద్యోగి కాదు, ఆ విమానాశ్రయంలో పనిచేసేవాడూ కాదు. ఓ గంట ఆగి, ఇంధనం పోయించుకుని, టీ తాగి వెళ్లిపోతాడు. మళ్లీ ఆ ఊరు ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. ఇలాంటి మనిషిని ఏం అడగాలి, ఎవరు అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నదే ఇక్కడ ప్రశ్న. ఆస్ట్రేలియా, అమెరికా ఈ ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెప్పాయి. చిన్న విమానాశ్రయాలను ఇప్పుడిప్పుడే తెరుస్తున్న మన దేశం ఆ రెండింటినీ శ్రద్ధగా చూడాలి.

ఆస్ట్రేలియాలో ఆ కార్డు పేరు ఏవియేషన్ సెక్యూరిటీ ఐడెంటిఫికేషన్ కార్డు. అక్కడి పైలట్లంతా ‘ఏసిక్’ అంటారు. 2004 నాటి విమానయాన రవాణా భద్రతా చట్టం, 2005 నిబంధనలు దీనికి ఆధారం. రన్‌వే, విమానాలు నిలిపే యాప్రాన్ వైపు వెళ్లేవారికి ఎర్ర కార్డు. ఆ వైపు వెళ్లే పనిలేని ఉద్యోగులకు బూడిదరంగు కార్డు. దరఖాస్తుదారు పుట్టుక, పౌరసత్వం లేదా వీసా పత్రాలు చూపాలి, ముఖాముఖి హాజరై తానెవరో రుజువు చేసుకోవాలి, ఆ ప్రాంతంలోకి వెళ్లాల్సిన అవసరం ఏమిటో చెప్పాలి. ఆపైన ఆస్‌చెక్ అనే ప్రభుత్వ విభాగం విచారణ నడిపిస్తుంది. ఖర్చు రెండు వందల డాలర్లు దాటుతుంది, గడువు రెండేళ్లకు మించదు. గడువు తీరగానే మొత్తం తంతు మళ్లీ మొదటి నుంచి. ఎయిర్‌లైన్స్ నడిచే విమానాశ్రయాల జోలికి పోని పైలట్లకు ‘ఏవిడ్’ అని మరో పత్రం ఉంది. దాని గడువు ఐదేళ్లు. దానికీ గూఢచార పరిశీలన, నేరచరిత్ర విచారణ ఉంటాయి. మనిషి అదే, విమానం అదే, చేసే విచారణ దాదాపు అదే. ఒక కంచె లోపలికి అతని నిజాయితీ రెండేళ్లు చెల్లుతుంది, మరో కంచె లోపలికి ఐదేళ్లు. ఈ తేడాకు గట్టి కారణం నాకు కనిపించలేదు.

కార్డు లేని సందర్శకుడికి విజిటర్ కార్డు ఇచ్చే ఏర్పాటు ఉంది. కానీ అది పెట్టుకున్న మనిషి వెంట ఏసిక్ ఉన్నవారొకరు కనిపెట్టుకుని తిరగాలి. ఒక విమానాశ్రయంలో ఏడాదికి 28 రోజులకు మించి అది చెల్లదు. సిడ్నీ, మెల్‌బోర్న్ లాంటి చోట్ల, పనిమీద వచ్చే మెకానిక్కుకో కాంట్రాక్టరుకో అది సరిపోతుంది. సాయంత్రం ఎయిర్‌లైన్ విమానం వెళ్లిపోయాక తాళం వేసుకుని ఇంటికి పోయే పల్లె విమానాశ్రయంలో ఆ కార్డు ఇచ్చేదెవరు, వెంట నడిచేదెవరు? నిబంధన రాసినవారి కళ్లముందు పెద్ద టెర్మినల్ ఒక్కటే ఉన్నప్పుడు ఇలాంటి ఖాళీలు మిగిలిపోతాయి.

అసలు ఈ కార్డు ఎందుకొచ్చిందో చూస్తే ఆ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ప్రపంచమంతా నిబంధనలు బిగించింది. 2005లో సర్ జాన్ వీలర్ ఆస్ట్రేలియా విమానాశ్రయాల భద్రత, పోలీసు వ్యవస్థలపై స్వతంత్ర సమీక్ష చేసి నివేదిక ఇచ్చారు. అప్పటికి అక్కడ పెద్ద ఆందోళన విమానాశ్రయాల లోపలి మనుషుల గురించే. మాదకద్రవ్యాలు దాటించే ముఠాలకు లోపలి నుంచే చేయందుతోందన్న భయం. ఆ భయం తర్వాతా తగ్గలేదు. 2021లో తెచ్చిన చట్ట సవరణ ఏసిక్ విచారణను తీవ్ర నేరాల వైపు మరింత విస్తరించింది. పెద్ద విమానాశ్రయంలో రోజూ సామాను పట్టుకునే, విమానం కడుపులోకి వెళ్లి వచ్చే వేలమంది ఉద్యోగులపై నిఘా ఉండటం న్యాయమే. వారి కోసం అల్లిన వలలో వారాంతంలో విమానం నడిపే డాక్టరూ, గొర్రెల మందను చూసుకోవడానికి సొంత విమానంలో తిరిగే రైతూ పడ్డారు.

గుర్తింపు కార్డు చెప్పేది ఒక్కటే. ఈ మనిషి ఫలానా. ఇవాళ పొద్దున అతని మనసులో ఏముందో అది చెప్పదు. ఇది తెలియడానికి విమానయాన రంగం చాలా ప్రాణాలు మూల్యంగా చెల్లించింది. 1987 డిసెంబరు 7న లాస్ ఏంజెలెస్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న పీఎస్ఏ 1771 విమానంలోకి ఒకతను రివాల్వరుతో ఎక్కాడు. దొంగతనం చేశాడని ఉద్యోగంలోంచి తీసేసిన ఎయిర్‌లైన్ మనిషి. కానీ అతని ఉద్యోగి కార్డును ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆ కార్డు చూపించే అతను తనిఖీ దాటి పోయాడు. విమానంలోని 43 మందీ చనిపోయారు. 2018 ఆగస్టులో సియాటిల్-టకోమా విమానాశ్రయంలో ఖాళీగా నిలిపిన క్యూ400 విమానాన్ని ఒకతను ఎత్తుకుపోయి కూల్చేసుకున్నాడు. అతను అక్కడి గ్రౌండ్ సిబ్బందిలో ఒకడు, లోపలికి వెళ్లే హక్కు ఉన్నవాడు. 2022 సెప్టెంబరులో మిసిసిపీ రాష్ట్రం టుపెలోలో కింగ్ ఎయిర్ విమానం ఎత్తుకుపోయి దుకాణం మీద కూలుస్తానని బెదిరించిందీ విమానాశ్రయంలో ఇంధనం నింపే ఉద్యోగే. చివరికి పొలంలో దిగి దొరికాడు. ముగ్గురూ రోజూ కళ్లముందు తిరిగిన మనుషులే. కొత్తగా వచ్చిన అతిథి ఒక్కడూ లేడు.

చిన్న విమానాల వల్ల ప్రమాదమే లేదని మాత్రం నేను అనను. 1994 సెప్టెంబరులో దొంగిలించిన సెస్నా 150 ఒకటి వైట్‌హౌస్ పచ్చికలో కూలింది. 2002 జనవరిలో ఫ్లోరిడాలో పదిహేనేళ్ల కుర్రాడు శిక్షకుడు లేకుండా సెస్నా 172 లేపి, టాంపాలో బ్యాంకు భవనానికి గుద్దాడు. 2010 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో పన్నుల శాఖ కార్యాలయం మీదికి ఒక వ్యక్తి తన సొంత పైపర్ విమానాన్ని నడిపించి ఒక ఉద్యోగి ప్రాణం తీశాడు. ఆ చివరి మనిషికి లైసెన్సు ఉంది, విమానం అతనిదే, కార్డు అడిగినా చూపించి ఉండేవాడు. నాలుగు సీట్ల సెస్నా 172 నిండా బరువు వేసినా టన్నూ చిల్లర. బోయింగ్ 737 దానికి అరవై డెబ్బై రెట్లు ఉంటుంది. అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ 2009లో ఈ విషయం పరిశీలించి, చిన్న విమానాల నుంచి భద్రతకు ఉన్న ముప్పు పరిమితమనీ, చాలావరకు ఊహాజనితమనీ తేల్చాడు. ఆస్టిన్ ఘటన ఆ తర్వాతిదే అయినా, కార్డు దాన్ని ఆపలేకపోయేదన్న వాస్తవం మారదు.

నిజమైన ముప్పు ఒకటుంది. దాని గురించి ప్రైవేటు పైలట్లు తరచూ మాట్లాడరు. ఎయిర్‌లైన్ జెట్లు నిలిచే విమానాశ్రయంలో తనిఖీ అయిన ప్రయాణికులు, వారి సామాను, వారు ఎక్కే విమానం ఒక గీతకు అటువైపు ఉంటాయి. తనిఖీ లేకుండా ఆకాశం నుంచి దిగిన మనిషి ఆ యాప్రాన్ మీద నడుచుకుంటూ ఆ గీత దాటి వెళ్లగలిగితే, టెర్మినల్‌లో చేసిన తనిఖీ అంతా వృథా. చిన్న విమానం ఆయుధం కావడం కంటే ఇదే ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. విమానాశ్రయాధికారి ఒక పైలట్‌ను ఆపి నువ్వెవరు, నీ విమానం ఏది, ఎటు వెళ్తున్నావు అని అడిగితే అందులో అవమానం ఏమీ లేదు. ఆ ప్రశ్న అడిగి తీరాలి. నా అభ్యంతరమల్లా, ఆ ప్రశ్న అడగాల్సిన మనిషి బదులు, ఎప్పుడో రెండేళ్ల కిందట వేరే ఊళ్లో అచ్చువేసిన ప్లాస్టిక్ ముక్కను నిలబెట్టి పని అయిపోయిందనుకోవడమే.

అమెరికా నేర్చుకున్న పాఠం

అమెరికాలో ప్రజలు వాడుకోవడానికి ఉన్న విమానాశ్రయాలు దాదాపు 5,000. ఎయిర్‌లైన్స్ నడిచేవి వాటిలో ఐదు వందల పైచిలుకు మాత్రమే. మిగతావన్నీ చిన్న విమానాలవే. అందుకే అక్కడ అతిథి పైలట్ చాలా మామూలు మనిషి. చిన్న విమానాశ్రయాల్లో చాలాచోట్ల గేటుకు నంబరు తాళం ఉంటుంది. లోపలివైపు ఒక బోర్డు మీద, కోడ్ ఇక్కడి రేడియో ఫ్రీక్వెన్సీయే అని రాసి ఉంటుంది. విమానంలో వచ్చినవాడికి ఆ నంబరు తెలిసే ఉంటుంది, రోడ్డు మీంచి వచ్చినవాడికి తెలియదు అన్న లెక్క. లోపల కౌంటరు దగ్గరున్న మనిషి విమానం తోక నంబరు రాసుకుంటాడు. ఊళ్లోకెళ్లి భోంచేసి రమ్మని ఓ పాత కారు తాళాలు చేతిలో పెట్టే చోట్లూ ఉన్నాయి. ముక్కూమొహం తెలియని మనిషిని నమ్మే ఆ సంప్రదాయం అక్కడి విమానయానాన్ని పెంచిందని నా గట్టి నమ్మకం.

2001 తర్వాత అది అలాగే నిలవడం కష్టమైంది. పైలట్ల సంఘం ఏఓపీఏ 2002 ఫిబ్రవరిలో తానే ముందుకొచ్చి, పైలట్లు లైసెన్సుతో పాటు ప్రభుత్వం ఇచ్చిన ఫొటో గుర్తింపు పత్రం దగ్గర పెట్టుకోవాలన్న నిబంధన తెమ్మని విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏను కోరింది. అదే ఏడాది అక్టోబరులో ఆ నిబంధన అమల్లోకి వచ్చింది. డ్రైవింగ్ లైసెన్సు చాలు, కొత్త కార్డు అక్కర్లేదు. ఎఫ్‌ఏఏ ఆ తర్వాత ఇవ్వడం మొదలుపెట్టిన ప్లాస్టిక్ లైసెన్సు మీద రైట్ సోదరుల బొమ్మలు ఉంటాయి గానీ పైలట్ ఫొటో ఉండదు. ఫొటో పెట్టాలని 2004లోనే చట్టం చెప్పింది. ఎఫ్‌ఏఏ 2010లో ముసాయిదా కూడా తెచ్చింది. అది కదల్లేదు. డ్రైవింగ్ లైసెన్సు ఆ లోటు తీరుస్తూనే ఉంది. ఇలా ఉన్న పత్రంతో పని కానిచ్చుకోవడం నాకు నచ్చిన పద్ధతి.

ఆ మెళకువ 2008 చివర్లో తప్పిపోయింది. రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ ఎయిర్‌లైన్స్ నడిచే విమానాశ్రయాలకు ఒక భద్రతా ఆదేశం పంపింది. అక్కడ విమానం పెట్టుకున్న ప్రైవేటు పైలట్లందరూ విచారణ చేయించుకుని ఆ విమానాశ్రయం బ్యాడ్జి తీసుకోవాలి, లేదా వెంట మనిషి ఉండాలి. ఒక విమానాశ్రయం బ్యాడ్జి ఇంకో విమానాశ్రయంలో చెల్లదు. మరి అక్కడ ఒక్కరోజు దిగే పైలట్ సంగతేమిటి? వందల విమానాశ్రయాల్లో దేనికి వెళ్తే దాని బ్యాడ్జి ముందే తీసుకోవాలా? దేశమంతా పైలట్లు ఇదే అడిగారు. జవాబు వెతుక్కోవడానికి వాళ్ల చేతిలో ఆదేశం ప్రతి లేదు. అది భద్రతా కారణాల వల్ల బయటపెట్టకూడని పత్రం. తనకు వర్తించే నిబంధన ఏమిటో చదువుకునే వీలు లేకుండా దాన్ని పాటించమనడం ప్రజాస్వామ్య దేశంలో జరగకూడని పని. ఏ విమానాశ్రయం మేనేజరుకు ఎలా అర్థమైతే అక్కడ అలా అమలు చేశారు.

2009 మధ్యలో ఆదేశాన్ని సవరించారు. దారిన పోతూ దిగిన పైలట్‌కు బ్యాడ్జి అక్కర్లేదు. తన విమానం దగ్గరే ఉండాలి, అక్కడి నుంచి ఇంధన కౌంటరుకో బయటికి వెళ్లే గేటుకో నేరుగా వెళ్లి రావాలి, యాప్రాన్ మీద తిరగకూడదు. నేను పైన చెప్పిన అసలు ముప్పుకు ఇదే సూటి విరుగుడు. మనిషి పుట్టుపూర్వోత్తరాలు తవ్వకుండా, అతను ఎక్కడ నడవచ్చో ఎక్కడ నడవకూడదో చెప్పి, గీత దాటితే ఆపే ఏర్పాటు. దీనితోపాటు పైలట్లే కళ్లు తెరిచి ఉండే ‘ఎయిర్‌పోర్ట్ వాచ్’ కార్యక్రమం 2002 నుంచీ అక్కడ నడుస్తోంది. మన పల్లెల్లో కొత్త మొహం కనిపిస్తే అరుగు మీద కూర్చున్న పెద్దాయన ‘ఎవరింటికి బాబూ?’ అని పలకరిస్తాడు చూడండి, దాదాపు అదే పని. తాళం బద్దలైన విమానం, ఎవరికీ తెలియని మనిషి, వింత సామాను కనిపిస్తే ఫోన్ చేయమంటారు.

అమెరికాలోనే ఇందుకు పూర్తిగా భిన్నమైన చోటు ఒకటి ఉంది. వాషింగ్టన్ పక్కన, మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్ విమానాశ్రయం. 1909లో విల్బర్ రైట్ సైనికాధికారులకు విమానం నడపడం నేర్పిన నేల అది. నాటి నుంచీ కొనసాగుతున్న విమానాశ్రయాల్లో ప్రపంచంలోకెల్లా పాతది. 1918 ఆగస్టులో తపాలా శాఖ సొంత విమానాలతో టపా సేవ మొదలైందీ అక్కడి నుంచే. వైట్‌హౌస్, కాపిటల్ భవనాలకు దగ్గర కావడం దానికి శాపమైంది. 2001 తర్వాత అదీ, పక్కనున్న మరో రెండు చిన్న విమానాశ్రయాలూ నెలల తరబడి మూతపడ్డాయి. 2002లో తెరిచినా అక్కడ విమానం పెట్టుకున్న పైలట్లకే అనుమతి. బయటి పైలట్లు రావడానికి 2005 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పటికీ అక్కడికి వెళ్లాలంటే వేలిముద్రలు ఇవ్వాలి, నేరచరిత్ర విచారణ దాటాలి, లైసెన్సు పట్టుకుని ఎఫ్‌ఏఏ కార్యాలయానికి వెళ్లి గతంలో ఉల్లంఘనలు లేవని తేల్చుకోవాలి, విమానాశ్రయ భద్రతాధికారి ముందు హాజరు కావాలి. అప్పుడు ఒక రహస్య సంఖ్య ఇస్తారు. ప్రతిసారీ బయల్దేరే ముందు ఫోన్లో ఆ సంఖ్య చెప్పి ఫ్లైట్ ప్లాన్ నమోదు చేయాలి. ఆపైన రాడార్ మీద తన విమానానికే కేటాయించిన కోడ్‌తో, కంట్రోలర్‌తో మాట్లాడుతూ రావాలి.

ఇంత శ్రమ పడేవారు తక్కువ కాబట్టి కాలేజ్ పార్క్ రాకపోకలు దారుణంగా పడిపోయాయి. ఆ మూడింటిలో ఒకటైన హైడ్ ఫీల్డ్ 2022లో మూతపడింది. అంత పాత విమానాశ్రయం ఖాళీగా ఉండటం బాధాకరమే. అయినా ఈ పద్ధతిలో నేర్చుకోవాల్సింది ఒకటుంది. ఒకసారి విచారణ అయిపోయాక పైలట్ ప్రతి రెండేళ్లకూ మొదటి నుంచి మొదలుపెట్టడు. ఒక మనిషి, ఒక విమానం, ఒక ప్రయాణం అనే మూడింటినీ ప్రతిసారీ, అప్పటికప్పుడు కలిపి చూస్తారు. మెడలో కార్డు ఉందా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. రాజధాని పక్కన ఇంత కట్టుదిట్టం ఉండాల్సిందే. ఎడారి మధ్య ఊరికి దీనిలో పదోవంతు కూడా అక్కర్లేదు.

మబ్బు పట్టినప్పుడు

ఈ చర్చలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది కార్డు ఖర్చు కాదు. కంటిచూపు మీద ఆధారపడి ఎగిరే పైలట్ మబ్బుల్లోకి చొరబడిపోవడం చిన్న విమానాల ప్రాణాంతక ప్రమాదాలకు ప్రధాన కారణాల్లో ఒకటి. ఆ ప్రమాదం తప్పించుకునే మార్గం శిక్షకులు మొదటి రోజుల నుంచే చెబుతారు. వాతావరణం పాడవుతుందనిపిస్తే ముందుకు పోవద్దు, దగ్గర్లో ఏ రన్‌వే ఉంటే దానిలో దిగు. దారిలో ఉన్న మంచి రన్‌వే, లైట్లూ ఇంధనమూ ఉన్న రన్‌వే, తరచూ ఎయిర్‌లైన్స్ నడిచే విమానాశ్రయానిదే. పైలట్ జేబులో ఆ ఎర్ర కార్డు లేదనుకోండి, గడువు తీరిపోయిందనుకోండి. దిగవద్దని చట్టం అనదు, కష్టంలో దిగినవాణ్ని శిక్షించే అధికారి ఉండకపోవచ్చు కూడా. కానీ ఆ క్షణంలో పైలట్ బుర్రలో మరో లెక్క చేరుతుంది. దిగితే ఎవరేమంటారో, జరిమానా ఎంతో, పేరు ఎక్కడ నమోదవుతుందో. ఇంకో ఇరవై మైళ్లలో కార్డు అడగని చిన్న స్ట్రిప్ ఉంది కదా, అక్కడిదాకా పోదాం అనిపిస్తుంది. ఆ ఇరవై మైళ్లలోనే మనుషులు చనిపోతారు. ప్రాణం కాపాడే నిర్ణయానికి అడ్డుపడే ఏ నిబంధననూ భద్రతా నిబంధన అనలేం. వాతావరణం, సాంకేతిక లోపం, అనారోగ్యం వల్ల దారి మళ్లి దిగిన పైలట్‌ను కార్డు అడగరాదని, అతని వివరాలు రాసుకుని సాయపడాలని ప్రతి దేశపు నిబంధనల్లోనూ స్పష్టంగా రాసి ఉండాలి.

మన ముందున్న అవకాశం

ఈ సంగతులు మనకు దూరమేమీ కావు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో సరదాగా విమానం నడిపేవాళ్లు ఉన్నారు. విమానయానం నేర్చుకోవడానికి ఫ్లోరిడా, టెక్సాస్, అరిజోనాలకు వెళ్లే మన పిల్లలూ ఉన్నారు. ఈ పిల్లలకు టీఎస్ఏ విచారణ తప్పనిసరి. ఇంతకుముందు ఒక్కో శిక్షణకూ విడిగా అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. ఒక లైసెన్సు పూర్తిచేసి తర్వాతి దానికి చేరాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ నిరీక్షణ. 2024లో ఆ నిబంధన మార్చి, ఒకసారి చేసిన విచారణ ఐదేళ్లు చెల్లేలా చేశారు. విద్యార్థి స్కూలు మారినా విచారణ అతని వెంటే వస్తుంది. దాంతో భద్రత తగ్గిందన్న మాట నేను వినలేదు.

మన దేశంలో విమానాశ్రయ ప్రవేశ పత్రాలు ఇచ్చేది పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం హైజాక్ అయ్యాక ఆ సంస్థకు బీజం పడింది. 1985లో కనిష్క విమానం పేల్చివేత తర్వాత, 1987లో అది స్వతంత్ర విభాగమైంది. 1999లో కాందహార్ హైజాక్ తర్వాత విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చింది. ఒక్కో గాయం తర్వాత ఒక్కో పొర చేరింది. ఆ గాయాలు నిజం, అందుకే మన గేట్ల దగ్గర కఠినత్వాన్ని నేను తప్పుపట్టను. పైగా ఇక్కడ ప్రతి ప్రైవేటు విమానానికీ వాయు రక్షణ అనుమతి నంబరు ఉండాలి. ఏ విమానం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో పైకి లేవకముందే వాయుసేనకు తెలుస్తుంది. అమెరికాలో వాషింగ్టన్ చుట్టూ మాత్రమే ఉన్న జాగ్రత్తలాంటిది మనకు దేశమంతటా ఉంది. ఇంత సమాచారం ముందే చేతిలో ఉన్నప్పుడు, అతిథి పైలట్ గేటు దగ్గర తనెవరో నిరూపించుకోవడానికి గంటలు గడపాల్సిన పనిలేదు.

2025 ఫిబ్రవరి 20న కేంద్ర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సు విధానాన్ని ప్రారంభించారు. చైనా తర్వాత ఈ పద్ధతి తెచ్చిన రెండో దేశం మనది. లైసెన్సు ఇప్పుడు పైలట్ ఫోన్లోని యాప్‌లో ఉంటుంది. దాని వెనక పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రికార్డు ఉంటుంది. లైసెన్సు రద్దయితే ఆ సంగతి ఆ నిమిషమే గేటు దగ్గర తెలిసేలా చేయడానికి సాంకేతికంగా అడ్డంకి లేదు. ప్లాస్టిక్ కార్డుకు ఎప్పటికీ లేని గుణం ఇది. పీఎస్ఏ విమానం ఎక్కినవాడి చేతిలో ఉన్నది రద్దయిన ఉద్యోగం తాలూకు చెల్లే కార్డు. డీజీసీఏ లైసెన్సు రికార్డునూ, బీసీఏఎస్ ప్రవేశ అనుమతినీ, వాయుసేన ఇచ్చిన నంబరునూ కలిపితే, గేటు దగ్గరున్న సీఐఎస్ఎఫ్ జవాను ఒక్క తెరమీద ముఖం, విమానం, ప్రయాణం మూడూ సరిచూసుకోవచ్చు. అప్పుడు గంటసేపు ఆగే పైలట్‌కు ఆ విమానాశ్రయం కార్డు ప్రత్యేకంగా అవసరం లేదు. తన విమానానికీ బయటి దారికీ మధ్య నడవడానికి ఆ ఒక్క ప్రయాణానికి అనుమతి చాలు.

ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. ఓర్వకల్లు విమానాశ్రయం 2021లో తెరుచుకుంది. వరంగల్ మామునూరుకు మళ్లీ ప్రాణం పోసే పని జరుగుతోంది. పుట్టపర్తి లాంటి చోట్ల ప్రైవేటు విమానాలు ఏళ్లుగా దిగుతున్నాయి. బేగంపేటలో పైలట్ శిక్షణ నడుస్తోంది. ఇక్కడ నేర్చుకున్న పైలట్ రేపు కడపలోనో రాజమండ్రిలోనో దిగినప్పుడు గేటు దగ్గర ఏం చూపించాలి, ఎంతసేపు ఆగాలి, దారి మళ్లి దిగితే ఏం జరుగుతుంది అన్నవి ఒకే చోట, అందరూ చదువుకోగల భాషలో రాసి ఉండాలి. డీజీసీఏ, బీసీఏఎస్ కలిసి ఆ పత్రాన్ని తయారుచేసి ముసాయిదాగా ప్రజల ముందు పెట్టాలి. ఫ్లయింగ్ క్లబ్బుల, శిక్షకుల, విమానాశ్రయాల మేనేజర్ల అభ్యంతరాలు విన్నాకే దాన్ని ఖరారు చేయాలి.